"వంగబాకమ్మా" అనే మాట మానాల్సిన ఇల్లు: నడుము నొప్పి ఉన్న పెద్దవారిలో కదలిక భయాన్ని మెట్టుమెట్టుగా తగ్గించే పద్ధతి

టంగుటూరు దగ్గర ఒక పల్లెలో డెబ్బై దాటిన ఒక పెద్దావిడను చూడడానికి వెళ్ళినప్పుడు, ఆమె చేతిలోని మందుల చీటీ జారి నేల మీద పడింది. ఆమె వంగలేదు. ఊపిరి బిగబట్టి, కుడి చెయ్యి నడుము మీద వేసుకొని, చీటీ వైపే చూస్తూ కోడలిని కేకేశారు. కోడలు వంటింట్లోంచి పరుగున వచ్చి చీటీ తీసి చేతిలో పెడుతూ, "నువ్వు వంగబాకత్తా, నేనున్నా గదా" అని ఎంతో ప్రేమగా అన్నది. దాదాపు నలభై ఏళ్ళు పొగాకు బ్యారన్ల దగ్గర ఆకు కట్టి, గ్రేడింగు షెడ్లలో నేల మీద కూర్చొని పని చేసిన ఆ మనిషి, ఏడాదిన్నరగా నేల మీద పడిన వస్తువు ఒక్కటి కూడా తన చేత్తో తీసుకోలేదని అప్పుడే తెలిసింది.

తరువాత ఆమెను మంచం మీద వెల్లకిలా పడుకోమని, రెండు మోకాళ్ళనూ చేతులతో పట్టుకొని మెల్లగా పొట్ట వైపుకు లాక్కోమని అడిగాను. మోకాళ్ళు దాదాపు పొట్టను తాకాయి. "నొప్పిగా ఉందా అమ్మా?" అంటే, "కొంచెం లాగతా ఉంది, అంతే నాయనా" అన్నారు. నిలబడి వంగినప్పుడు నడుము మీద పడే బరువు ఎక్కువన్న మాట నిజమే గానీ, వంగే గుణం ఆ నడుముకు ఇంకా ఉందని ఆ క్షణంలో తేలిపోయింది. పడుకొని చేసినప్పుడు అది వంగడమని ఆమెకు తోచలేదు కాబట్టి భయపడలేదు, భయపడలేదు కాబట్టి కండరాలు బిగుసుకోలేదు.

ఇళ్ళకు వెళ్ళి చికిత్స చేసే ఫిజియోథెరపిస్టుగా నేను ఇలాంటి పెద్దవారిని ఒంగోలు నుంచి కావలి దాకా ఎందరినో చూస్తున్నాను. వారిని మంచానికి కట్టేస్తున్నది నొప్పి కొంత, ఆ నొప్పి గురించిన భయం అంతకంటే ఎక్కువ. వైద్యులు ఈ భయానికి 1990లో కైనేసియోఫోబియా అని పేరు పెట్టారు. కదిలితే నడుముకు మరింత దెబ్బ తగులుతుందని నమ్మి, కదలికనే మానుకునే స్థితి అది. 2000లో వ్లాయెన్, లింటన్ అనే పరిశోధకులు దీన్ని ఒక చక్రంగా వివరించారు: నొప్పి వస్తుంది, అది ఏదో ఘోరానికి సూచన అన్న ఆలోచన పుడుతుంది, దాంతో కదలిక తగ్గుతుంది, కదలిక తగ్గేకొద్దీ ఒళ్ళు బలహీనపడి దిగులు పెరుగుతుంది, అప్పుడు చిన్న పనికి కూడా నొప్పి లేస్తుంది, ఆ నొప్పి మొదటి నమ్మకాన్ని మళ్ళీ గట్టి చేస్తుంది. యువకుడైతే ఈ చక్రంలో కొన్ని నెలలు తిరిగినా కోలుకుంటాడు. పెద్దవారికి అంత వ్యవధి ఉండదు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారిని 10 రోజులు మంచం మీదే ఉంచి చూసిన ఒక అధ్యయనంలో, వారి కాళ్ళలో సగటున కిలోకు కాస్త తక్కువ కండ కరిగిపోయింది.

తుఫాను వస్తున్నదంటే కృష్ణపట్నం రేవులో ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు. తుఫాను తీరం దాటిపోయిన తరువాత కూడా ఆ హెచ్చరికను ఎవరూ దించకపోతే, సముద్రం ఎంత ప్రశాంతంగా ఉన్నా వేటకు ఒక్క పడవ కదలదు. నెలల తరబడి సాగే నడుము నొప్పిలో చాలాసార్లు జరిగేది ఇదే. మొదట దెబ్బ తగిలిన కండ, నరం, కీలు కోలుకుంటాయి గానీ నాడీవ్యవస్థ ఎగరేసిన హెచ్చరిక దిగదు. నొప్పి నిజమైనదే, కల్పితం కాదు. అయితే ఆ నొప్పి పరిమాణాన్ని బట్టి లోపల ఎంత దెబ్బ ఉందో లెక్కగట్టలేము. ఆ హెచ్చరికను దించే క్రమం ఇది.

మొదటి మెట్టు: ప్రమాదం లేదని తేల్చుకోవడం

భయపడవద్దని చెప్పే ముందు, భయపడాల్సిన విషయం ఏదీ లేదని వైద్యుని ద్వారా నిర్ధారించుకోవాలి. మూత్రం బిగుసుకుపోవడం లేదా తెలియకుండా పడిపోవడం, మలవిసర్జన మీద అదుపు తప్పడం, తొడల మధ్య భాగం మొద్దుబారడం, కాలు రోజురోజుకూ బలం తప్పడం కనిపిస్తే మరుసటి రోజు దాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, గతంలో క్యాన్సర్ లేదా క్షయ ఉండడం, పడుకున్నా తగ్గకుండా రాత్రిళ్ళు నిద్ర చెడగొట్టే నొప్పి ఉంటే పరీక్షలు చేయించకుండా వ్యాయామం మొదలుపెట్టకూడదు. స్నానాల గదిలో జారి కూలబడడం వంటి చిన్న ఘటన తరువాత హఠాత్తుగా మొదలైన నొప్పిని, ముఖ్యంగా ఎముకలు గుల్లబారిన స్త్రీలలోనూ ఏళ్ళ తరబడి స్టెరాయిడ్లు వాడినవారిలోనూ, వెన్నుపూస విరగడమేమోనని అనుమానించాలి. కడుపులోనూ నడుములోనూ ఒకేసారి తీవ్రంగా లేచిన నొప్పి, అందులోనూ పొగతాగే పెద్దవయసు పురుషులలో, పెద్ద రక్తనాళం ఉబ్బి చిట్లడం వల్ల కావచ్చు కాబట్టి అది కూడా అత్యవసరమే.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన మాట ఒకటి చెప్పాలి. కనిగిరి, ఉదయగిరి వైపు మెట్ట ఊళ్ళలో దశాబ్దాలపాటు బోరునీళ్ళు తాగినవారిలో ఫ్లోరైడు ఎముకల్లో పేరుకొని వెన్ను నిజంగానే బిగుసుకుపోయి ఉండవచ్చు. అలాంటివారి వెన్ను వంగకపోవడాన్ని భయం అని కొట్టిపారేయడం అన్యాయం. ఎక్స్‌రే చూసి, వెన్ను ఎంతవరకు వంగగలదో తెలుసుకొని, ఆ హద్దులోనే ఈ మెట్లు ఎక్కించాలి. అలాగే వెన్నుపూస నలిగినవారికి ముందుకు బాగా వంగడం, వంగి మెలిపెట్టడం సాధనలో పెట్టకూడదు. వారు తుంటి దగ్గర, మోకాళ్ళ దగ్గర వంగి వస్తువులు తీసుకోవడం నేర్చుకోవాలి. వెన్నులో నరాలు సాగే కాలువ ఇరుకైనవారి సంగతి ఇందుకు భిన్నం: నాలుగు అడుగులు వేస్తే కాళ్ళు లాగి, కూర్చున్నా ముందుకు వంగినా హాయి కలుగుతుంది. వారు మధ్యమధ్య కూర్చుంటూ నడవాలి.

రెండో మెట్టు: మాటలను సరిచేయడం

"గుజ్జు అరిగిపోయింది", "డిస్కు జారింది", "ఎముకల మధ్య గ్యాపు వచ్చింది", "నరం నొక్కుకుపోయింది". నేను వెళ్ళిన దాదాపు ప్రతి ఇంట్లోనూ ఈ నాలుగింట్లో ఒక మాట నాకంటే ముందే చేరి ఉంటుంది. రోగి దాన్ని ఎక్స్‌రే కవరుతో పాటు భద్రంగా దాచుకుంటారు. ఆ మాట వెనుక రోగి చూసుకునే బొమ్మ ఏమిటో అడిగి తెలుసుకోవాలి. ఒకాయన తన వెన్ను పుచ్చిన తాటిదూలంలా ఉందనీ, ఒక్కసారి వంగితే పెళుక్కున విరుగుతుందనీ నాతో అన్నారు. అటువంటి బొమ్మను మనసులో పెట్టుకున్న మనిషి కదలకపోవడంలో తప్పేముంది?

ఆ బొమ్మను అంకెలతో మార్చవచ్చు. నడుము నొప్పి ఎరుగని 3,110 మంది స్కానింగులను పరిశీలించిన 33 అధ్యయనాలను 2015లో ఒకచోట చేర్చి లెక్కగట్టారు. ఏ నొప్పీ లేని ఇరవై ఏళ్ళవారిలోనే 37 శాతం మందికి డిస్కు అరుగుదల కనిపించింది. ఎనభై ఏళ్ళవారిలో అది 96 శాతం. డిస్కు ఉబ్బు ఇరవై ఏళ్ళకు 30 శాతం మందిలో, ఎనభై ఏళ్ళకు 84 శాతం మందిలో ఉంది. తల నెరవడం వంటిదే ఇది. పైగా డిస్కు తన చోటు వదిలి జారిపోయే బిళ్ళ కాదు. పైపూసకూ కిందిపూసకూ గట్టిగా అతుక్కొని ఉంటుంది. దానిలోంచి బయటికి పొడుచుకొచ్చిన భాగం కూడా చాలామందిలో నెలల మీద దానంతటదే కుంచించుకుపోతుంది. ఇదంతా ఒకే రోజు ఉపన్యాసంలా చెప్పకండి. రిపోర్టు చేతిలో పట్టుకొని, రోగి ఏ మాట దగ్గర భయపడ్డారో ఆ ఒక్క మాటనే వివరించి ఆ రోజుకు ఆపేయండి.

మూడో మెట్టు: భయాల పట్టీ

ఒక నోటుబుక్కు తీసుకొని, మానేసిన పనులన్నీ రోగి నోటితోనే చెప్పించి రాయాలి. ఒక్కొక్క పని ఎదుట, దాన్ని తలుచుకుంటే కలిగే భయానికి సున్నా నుంచి 10 లోపు ఒక అంకె వేయించాలి. పరిశోధనల్లో ఇందుకు 17 వాక్యాల టాంపా కొలబద్ద వాడతారు. దానిలో మొత్తం 17 నుంచి 68 వరకు వస్తుంది. ఇంట్లో మాత్రం ఈ పట్టీయే మేలు, ఎందుకంటే ఇందులో ఉండేవి రోగి సొంత పనులు. నులక మంచం మీద నుంచి లేవడం, నేల మీద కూర్చొని భోంచేయడం, వాకిలి ఊడ్చి ముగ్గు వేయడం, బోరింగు దగ్గర బిందె ఎత్తడం, గేదెకు గడ్డి వేయడం, ఆర్టీసీ బస్సు మెట్లు ఎక్కడం, గట్టు మీద నడవడం, మనవడిని ఎత్తుకోవడం: పట్టీ ఇలా సాగుతుంది.

అంకె వేయించిన తరువాత, "ఈ పని చేస్తే సరిగ్గా ఏమవుతుందని మీ భయం?" అని అడగాలి. "నొప్పి వస్తుంది" అన్న జవాబుతో ఆగిపోవద్దు. "వస్తే?" అని ఇంకో ప్రశ్న వేస్తే అసలు సంగతి బయటికి వస్తుంది. కొందరు నరం తెగి కాళ్ళు పడిపోతాయంటారు. కొందరు ఆపరేషను చేయాల్సి వస్తుందంటారు. ఎక్కువమంది కళ్ళు దించుకొని, "మంచాన పడితే పిల్లలకు బరువైపోతాను" అంటారు. ఈ జవాబు విన్నప్పుడు వెంటనే ఓదార్చాలనిపిస్తుంది గానీ, కాసేపు వారిని మాట్లాడనివ్వండి. మంచాన పడతానన్న భయమే వారిని మంచం మీద కూర్చోబెట్టిందని వారే మాటల మధ్య గుర్తించడం నేను చాలాసార్లు చూశాను.

కదలిక భయం వేరు, పడిపోతానన్న భయం వేరు. రెండూ ఒకే మనిషిలో కలిసి ఉండవచ్చు. కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు నడిచి, తిరిగివచ్చి కూర్చోవడానికి 12 సెకన్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ పడితే, పడిపోయే ప్రమాదం నిజంగానే ఉందని భావించి ముందుగా ఆ సంగతి చూడాలి. శుక్లాలు, నిద్రమాత్రలు, లేచి నిలబడగానే కళ్ళు తిప్పించే బీపీ మాత్రలు, నున్నటి చెప్పులు, పట్టుకోవడానికి ఏదీ లేని స్నానాల గది, వీటిని సరిచేయకుండా ధైర్యం నేర్పడం ప్రమాదకరం.

నాలుగో మెట్టు: ఒక్కొక్క పనినీ పరీక్షకు పెట్టడం

అసలు చికిత్స ఇక్కడే ఉంది. భయం మాటలతో తగ్గేది కొంచెమే. తాను ఊహించిన ఉపద్రవం జరగలేదని శరీరం స్వయంగా చూసినప్పుడే అది లోపలి నుంచి సడలుతుంది. అందుకని పట్టీలో 3 లేదా 4 అంకె ఉన్న పనితో మొదలుపెట్టాలి. పనికి ముందు, "ఇప్పుడు ఏమవుతుందనుకుంటున్నారు? అది జరుగుతుందని 10కి ఎంత నమ్మకం?" అని అడిగి రాసుకోవాలి. పని చేయించాలి. తరువాత, "అనుకున్నది జరిగిందా?" అని అడిగి, వారి జవాబును వారి మాటల్లోనే పక్కన రాయాలి. అదే పనిని అదే పూట మరో మూడు నాలుగుసార్లు చేయించి, ప్రతిసారీ అంకె మళ్ళీ వేయించాలి.

టంగుటూరు దగ్గరి పెద్దావిడకు వంగడం ఎలా నేర్పానో కాస్త వివరంగా చెబుతాను. మొదటి రోజు ఆమె కుర్చీలో కూర్చొని, రెండు అరచేతులనూ తొడల మీద నుంచి మోకాళ్ళ మీదికి, అక్కడి నుంచి పిక్కల మీదికి జారవిడిచి మళ్ళీ పైకి వచ్చారు. రెండో రోజు చేతులు చీలమండల దాకా వెళ్ళాయి. నాలుగో రోజున ఆమెను నిలబెట్టి, ఎదురుగా కుర్చీ మీద ఒక ఖాళీ స్టీలు గ్లాసు పెట్టి తీసుకోమన్నాను. ఆమె ఊపిరి బిగబట్టారు. బిగబట్టిన ఊపిరితో, నడుము మీద చేత్తో చేస్తే పని అయితే పూర్తవుతుంది గానీ, "చెయ్యి వేసుకున్నాను కాబట్టి బతికిపోయాను" అన్న నమ్మకం మిగిలిపోతుంది. అందుకని చేపల పులుసు ఎలా పెడతారో చెబుతూ వంగమన్నాను. చింతపండు పులుసు మరిగిన తరువాత చేపముక్కలు వేయాలనీ, మామిడికాయ ముక్కలు ఎప్పుడు వేయాలనే దానిలోనే రుచి అంతా ఉందనీ చెబుతూ ఆమె మూడుసార్లు వంగి లేచారు. మూడోసారి చెయ్యి నడుము మీద లేదు, ఆ సంగతి ఆమెకు తెలియను కూడా తెలియదు. తరువాతి వారం గ్లాసు కుర్చీ మీద నుంచి పీట మీదికి, పీట మీద నుంచి నేల మీదికి దిగింది. ఆ పై వారం గ్లాసులో నీళ్ళు పోశాం.

ఎలా వంగాలి అన్నదానికి ఒకే ఒక్క సరైన భంగిమ ఉందని భయపెట్టకండి. వెన్నుపూస విరిగినవారికి ముందు చెప్పిన జాగ్రత్త వర్తిస్తుంది. మిగిలినవారు మోకాళ్ళు మడిచి ఒకసారి, నడుము గుండ్రంగా వంచి ఒకసారి, పక్కకు తిరిగి ఒకసారి, ఎలా తోస్తే అలా వంగవచ్చు. చేసేటప్పుడు నొప్పి 10కి 4 లేదా 5 దాకా లేచినా, మరుసటి ఉదయానికి మామూలు స్థాయికి వస్తే ఆ మోతాదు సరిపోయినట్టే. ఉదయానికి కూడా దిగకపోతే ఒక మెట్టు కిందికి రావాలి, సాధన మాత్రం ఆపకూడదు.

ఐదో మెట్టు: నడకకూ లేవడానికీ లెక్క

ఒంట్లో బాగున్న రోజు పేరుకుపోయిన పనులన్నీ చేసి, తరువాత మూడు రోజులు మంచం పట్టడం మన పెద్దవారిలో సాధారణంగా కనిపిస్తుంది. నొప్పి చెప్పినప్పుడు ఆగడం, నొప్పి లేనప్పుడు పరిగెత్తడం అన్న ఈ అలవాటును తప్పించి, గడియారాన్ని బట్టి నడిపించాలి. మూడు రోజులు ఎంతసేపు హాయిగా నడవగలరో కొలవండి. 6, 8, 7 నిమిషాలు వచ్చాయనుకుంటే సగటు 7. అందులో అయిదో వంతు తగ్గించి, దాదాపు అయిదున్నర నిమిషాలతో రోజుకు రెండు పూటలు మొదలుపెట్టండి. మూడు నాలుగు రోజులకొకసారి అర నిమిషం నుంచి నిమిషం పెంచండి. బాగున్న రోజు కూడా లెక్క దాటనివ్వకండి. చివరికి వారానికి 150 నిమిషాల నడకకూ, మూడు రోజుల సమతూకం, కండబలం సాధనకూ చేరగలిగితే అది ప్రపంచ ఆరోగ్య సంస్థ 65 ఏళ్ళు పైబడినవారికి చెప్పిన మోతాదు. మన ఎండల్లో, రోహిణి కార్తెలో మరీ ముఖ్యంగా, ఈ నడక తెల్లవారుజామున గానీ పొద్దు వాలిన తరువాత గానీ సాగాలి.

కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడాన్ని రోజుకు రెండుసార్లు, ఒక్కోసారి అయిదు చొప్పున చేయించండి. కుర్చీ గోడకు ఆనించి ఉండాలి. కష్టమైతే సీటు మీద మడిచిన దుప్పటి వేసి ఎత్తు పెంచి, వారం వారం ఒక్కొక్క మడత తీసేయండి.

ఆరో మెట్టు: ఇంట్లోవాళ్ళు మారడం

ఈ మెట్టు ఎక్కని ఇంట్లో మిగిలిన అయిదూ నిలవవు. హైదరాబాదు నుంచో అమెరికా నుంచో కొడుకు ఫోను చేసి, "ఏ పనీ చేయబాకమ్మా, మంచం దిగబాక" అంటాడు. అతని ప్రేమలో లోపం లేదు. తల్లికి మాత్రం ఆ మాట, నీ నడుము పగిలిన కుండలాంటిది అని చెప్పినట్టు చేరుతుంది. "నొప్పి ఎట్లా ఉంది?" అని పూటపూటా అడగడం మాని, "ఈ రోజు ఎంత దూరం నడిచావు?" అని అడగండి. వస్తువు కింద పడితే పరుగెత్తకుండా పది లెక్కపెట్టండి. పూర్తి పని లాక్కోకుండా పక్కన ఉండి సగం చేయనివ్వండి. మొహం ముడిచినప్పుడు కాకుండా, ప్రయత్నించినప్పుడు దగ్గరికి వెళ్ళండి. నేను మొదట చెప్పిన కోడలికి ఇది చాలా కష్టమైంది. అత్త వంగుతుంటే చూస్తూ ఊరుకుంటే ఇరుగుపొరుగు ఏమనుకుంటారని ఆమె దిగులు. అందుకని పక్కింటావిడను కూడా ఒకరోజు కూర్చోబెట్టి అంతా వివరించాల్సి వచ్చింది.

నడుముకు కట్టుకునే బెల్టు గురించి చాలామంది అడుగుతారు. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ విడుదల చేసిన మార్గదర్శకాలు, దీర్ఘకాలపు నడుము నొప్పికి బెల్టులనూ, నడుమును సాగదీసి లాగే ట్రాక్షన్‌నూ, అల్ట్రాసౌండ్ వైద్యాన్నీ, చర్మం మీద నుంచి స్వల్పంగా కరెంటు పంపే టెన్స్ యంత్రాన్నీ మామూలు చికిత్సగా వాడవద్దన్నాయి. వ్యాయామాన్నీ, అవగాహన కల్పించడాన్నీ సూచించాయి. మా వృత్తిలో కూడా "కరెంటు పెట్టి" పంపించేసే అలవాటు ఉన్నందుకు నాకు బాధగా ఉంది, ఎందుకంటే యంత్రం కింద పడుకున్న మనిషి తన నడుమును తాను నమ్మడం నేర్చుకోలేడు. ఏళ్ళుగా బెల్టు కట్టుకున్నవారు ఒక్కసారిగా విప్పకుండా రోజుకు ఒక గంట చొప్పున తగ్గించుకోవాలి. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రలు పెద్దవారి కిడ్నీలనూ కడుపునూ దెబ్బతీస్తాయి, బీపీని పెంచుతాయి. వైద్యుడు రాసినన్ని రోజులే వాడాలి.

నొప్పి తిరగబెట్టిన రోజు

ఆ రోజు తప్పక వస్తుంది, వస్తుందని మొదటే చెప్పి ఉంచాలి. వచ్చినప్పుడు మొదటి మెట్టులోని ప్రమాద లక్షణాలను ఒకసారి సరిచూసుకోండి. అవేవీ లేకపోతే రెండు రోజులపాటు నడకను సగం చేయండి, సున్నా చేయకండి. వేడి కాపడం పెట్టుకోవచ్చు. మూడో రోజు నుంచి మళ్ళీ పాత లెక్కకు ఎక్కుతూ రండి. నోటుబుక్కులో పాత పేజీలు తిప్పి, గతంలో ఇలాగే తిరగబెట్టిన నొప్పి ఎన్ని రోజుల్లో దిగిందో చూపించండి. ఆరు వారాలు శ్రద్ధగా చేసినా భయం అంకెలు కదలకపోతే, నిద్రలేమి, దిగులు, ఒంటరితనం లోపల ఉన్నాయేమో వైద్యునికి చూపించి తెలుసుకోవాలి. భర్తనో భార్యనో పోగొట్టుకున్న ఏడాదిలో మొదలైన నడుము నొప్పికి వ్యాయామం ఒక్కటే సరిపోదు.

టంగుటూరు దగ్గరి పెద్దావిడ పట్టీలో మొత్తం పదకొండు పనులుండేవి. నాలుగు నెలలకు ఎనిమిదింటి అంకె 2కు దిగింది. నొప్పి పూర్తిగా పోలేదు, వాకిలి ఊడ్చిన పూట ఇప్పటికీ కాస్త లాగుతుందంటారు. బిందె ఎత్తడాన్ని ఆమే కొట్టేశారు, కుళాయి ఇంట్లోకి వచ్చింది గనుక ఇక ఆ పనితో అవసరం లేదన్నారు. గట్టు మీద నడక కోతలు అయ్యాక చూద్దామన్నారు. బస్సు మెట్లు మాత్రం ఇంకా 6 దగ్గరే ఉన్నాయి. వచ్చే వారం కోడలిని వెంటబెట్టుకొని సింగరాయకొండ బస్టాండుకు ఆటోలో వెళ్ళి, ఆగి ఉన్న బస్సు మొదటి మెట్టు మీద ఒక కాలు పెట్టి దించడం అయిదుసార్లు చేసి వస్తారు.